పాత లేత్ కొనాలా, వద్దా? 127 పళ్ళ గేరు లేదట

లేత్‌కొత్త (కొంపల్లి) — శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇది నా మొదటి ప్రశ్న. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. మా నాయనమ్మ కుట్టు మిషన్‌కు ఒక చిన్న ఇరుసు విరిగితే ఎక్కడా దొరకక, జీడిమెట్లలో ఒక వర్క్‌షాపుకు వెళ్ళి చేయించాను. ఆయన ఇరవై నిమిషాల్లో చేసి ఇచ్చారు. నేను అక్కడి నుంచి కదలడానికి రెండు గంటలు పట్టింది.

ఇప్పుడు ఆయన వర్క్‌షాపు మూసేస్తున్నారు. ఆ ఇరుసు చేసిన లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ కోసి ఆకారం ఇచ్చే మిషన్) అమ్మకానికి ఉంది. నాలుగున్నర అడుగుల బెడ్ (మిగతా భాగాలు జరిగే ఇనుప పట్టాలు), బెల్టు డ్రైవ్, 2 హార్స్‌పవర్ త్రీ ఫేజ్ మోటారు. 65 వేలు చెబుతున్నారు. కొన్ని మార్పిడి గేర్లు పోయాయట. ముఖ్యంగా 127 పళ్ళ గేరు లేదని ఆయనే చెప్పారు. అదేమిటో, లేకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. మా ఇంటి కారు షెడ్డులో పెట్టాలని ఆలోచన. ఇంటికి సింగిల్ ఫేజ్ కరెంటే ఉంది. కొనవచ్చా?

బొమ్మరైలు (మారేడ్‌పల్లి) — శనివారం, ఉదయం 8:15

వద్దు. నేను ఆవిరి ఇంజన్ల నమూనాలు చేస్తాను, పదకొండేళ్ళుగా. మూడో అంతస్తులో ఫ్లాటు, బాల్కనీ పక్క గది. చిన్న బల్ల లేత్ కొనుక్కోండి. ఇద్దరు మనుషులు ఎత్తి పెట్టేస్తారు, ఇంటి ప్లగ్గుకు తగిలిస్తే తిరుగుతుంది. పాత ఇనుము కొంటే ఆరు నెలలు దాన్ని బాగు చేయడంతోనే సరిపోతుంది. మీరు చేయాలనుకున్న వస్తువు ఒక్కటీ చేయరు.

చింతల్ టర్నర్ — శనివారం, ఉదయం 9:02

బొమ్మరైలు గారి లేత్ మీద 50 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ పెట్టి ఒకే కోతలో 2 మిల్లీమీటర్ల లోతు తీయమనండి. రైలు పట్టాలు తప్పుతుంది.

షెడ్డు నేల మీద ఉన్నవాడికి బల్ల లేత్ ఎందుకండీ? తమ్ముడూ, ముందు మిషన్ చూసి రా. చూడటం ఎలాగో పెద్దవారు ఎవరైనా చెబుతారు. నాకు ఇవాళ డెలివరీ ఉంది.

పాత మైక్రోమీటర్ (మౌలాలీ) — శనివారం, ఉదయం 11:30

ఆ పెద్దవారిని నేనే అనుకుంటాను. 1974లో అప్రెంటిస్‌గా చేరి, ముప్ఫై నాలుగేళ్ళు మెషిన్ షాపులోనూ, టూల్ రూములోనూ చేసి దిగినవాడిని. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, కోడలికి నచ్చని ఒక గ్రైండర్ ఉన్నాయి.

బాబూ, రంగు చూడకు. చచ్చిన లేత్‌కు కూడా ఆకుపచ్చ రంగు పూసి అమ్ముతారు. వెళ్ళేటప్పుడు ఒక డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపేది), మాగ్నెటిక్ స్టాండు, 0–25 మిల్లీమీటర్ల మైక్రోమీటర్ (మందం కొలిచేది), అడుగున్నర చెక్క కడ్డీ పట్టుకుని వెళ్ళు. డయల్ గేజ్ లేకపోతే రాణిగంజ్‌లో కొను. లేత్ కొనకపోయినా అది పనికొస్తుంది.

మొదట బెడ్. లేత్‌లో పనంతా చక్ (కడ్డీని దవడలతో పట్టి తిప్పే భాగం) దగ్గరే జరుగుతుంది కాబట్టి అరుగుదల కూడా అక్కడే. క్యారేజ్‌ను, అంటే కోసే టూల్‌ను మోసే బండిని, చక్ దగ్గరకు తెచ్చి, దాని లాక్ బోల్టును అది కాస్త బిగువుగా జరిగేంతవరకు తిప్పు. తర్వాత చేత్తో టెయిల్‌స్టాక్ (అవతలి చివర ఆసరా ఇచ్చే భాగం) వైపు నడిపించు. దారిలో బిగుసుకుపోయి ఆగిపోతే, ఆ చివర బెడ్ కొత్తగా ఉంది, ఈ చివర అరిగింది అని అర్థం. కొంచెం బిగుసుకోవడం ప్రతి పాత లేత్‌లోనూ ఉంటుంది. అసలు కదలకపోతే బేరం సగానికి దించు, లేదా వచ్చేయి.

రెండోది స్పిండిల్, చక్‌ను తిప్పే ఇరుసు. చక్ తీయించి, లోపలి టేపర్ (లోపలికి పోనుపోను సన్నబడే రంధ్రం) మీద డయల్ గేజ్ ముల్లు ఆనించి చేత్తో తిప్పు. ఒక డివిజన్ (గీత), రెండు డివిజన్లు ఊగితే పరవాలేదు. తర్వాత చక్ పెట్టి, కింద చెక్క కడ్డీ దూర్చి పైకి ఎత్తు. ముల్లు 0.05 మిల్లీమీటర్లు దాటి కదిలితే బేరింగుల సంగతి అడుగు. బిగిస్తే పోయే వదులు కూడా ఉంటుంది. అది అమ్మేవాడే బిగించి చూపించాలి.

మూడోది అందరూ మరచిపోయేది. ఒక 25 మిల్లీమీటర్ల కడ్డీని టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా 100 మిల్లీమీటర్లు బయటకు పెట్టి, సన్నటి కోత ఒకటి తీయించు. రెండు చివరలా మైక్రోమీటర్‌తో కొలువు. తేడా ఎంతో రాసుకో. ఆ తేడా చూసి భయపడకు. లేత్‌ను నేల మీద వంకరగా బిగిస్తే బెడ్ మెలి తిరిగి ఆ తేడా వస్తుంది. నీ షెడ్డులో కాళ్ళ కింద రేకు ముక్కలు సర్ది, మళ్ళీ ఇదే కోత తీస్తూ పోతే చాలావరకు పోతుంది. స్పిరిట్ లెవెల్ కంటే ఆ కడ్డీయే నిజం చెబుతుంది.

127 గేరు గురించి తర్వాత రాస్తాను. మధ్యాహ్నం మందులు వేసుకుని పడుకోవాలి. లేకపోతే మా ఆవిడ ఫోను లాక్కుంటుంది.

లేత్‌కొత్త — శనివారం, మధ్యాహ్నం 1:10

సార్, చాలా చాలా కృతజ్ఞతలు. అన్నీ ప్రింటు తీసుకున్నాను. కరెంటు సంగతి ఎవరైనా చెబుతారా? త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకోవాలా, మోటారు మార్చాలా?

మూడు ఫేజులు — శనివారం, మధ్యాహ్నం 2:45

రెండూ అక్కర్లేదు. విద్యుత్ శాఖలో పని చేసి రిటైరయ్యాను, కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

వీఎఫ్‌డీ అనే డ్రైవ్ ఒకటి కొనండి. సింగిల్ ఫేజ్ 230 వోల్టులు తీసుకుని, త్రీ ఫేజ్ 230 ఇస్తుంది. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. మన దగ్గరి చిన్న త్రీ ఫేజ్ మోటార్లు ఎక్కువగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో (మూడు చుట్టల ఒక్కో చివర ఒకేచోట కలిపి) ఉంటాయి. అలాగే డ్రైవ్‌కు తగిలిస్తే బలం లేక మూలుగుతుంది. టెర్మినల్ పెట్టె మూత తీసి చూడండి. ఆరు తీగల చివరలు బయటకు వచ్చి ఉంటే, పట్టీలు మార్చి డెల్టా (మూడు చుట్టలను త్రికోణంలా కలపడం) చేయవచ్చు. అప్పుడు 230కి సరిపోతుంది. మూడే చివరలు కనిపిస్తే మోటారు వైండింగ్ చేసేవాడి దగ్గరకు తీసుకెళ్ళాలి.

ఇంకో రెండు మాటలు. డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య స్విచ్ పెట్టి, నడుస్తుండగా ఆపవద్దు, డ్రైవ్ పోతుంది. ఆపడం, తిప్పడం అన్నీ డ్రైవ్ నుంచే చేయాలి. అలాగే డ్రైవ్‌తో మోటారును మరీ నెమ్మదిగా తిప్పుతూ గంటల తరబడి పని చేయవద్దు. వెనక ఉన్న ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది, మోటారు వేడెక్కుతుంది. నెమ్మది కావాలంటే బెల్టు మార్చండి, ఆ పుల్లీలు అందుకే ఉన్నాయి.

ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. మీ షెడ్డులో ఒక మూల నుంచి తీగ లాగి నీళ్ళ పైపుకు కట్టి ఉంటుంది, నాకు తెలుసు.

లేత్‌కొత్త — శనివారం, మధ్యాహ్నం 3:00

మేడమ్, ఇప్పుడే చూశాను. నీళ్ళ పైపుకే కట్టి ఉంది.

చింతల్ టర్నర్ — శనివారం, రాత్రి 9:20

డెలివరీ అయింది. నేను చెప్పేది రెండు నిమిషాలు.

చేతికి గ్లవ్స్ వేసుకుని లేత్ దగ్గరకు వెళ్ళకు. వీడియోల్లో వేసుకుంటారు, నువ్వు వేసుకోకు. నా ఎడమ చేతి చూపుడు వేలికి గోరు లేదు. 2009లో, చలికాలం, ఉదయం ఆరింటికి, చేయి చల్లగా ఉందని ఉన్ని గ్లవ్ వేసుకున్నాను. కోసేటప్పుడు లేచే లోహపు చుట్ట దాన్ని పట్టుకుంది. గ్లవ్ చిరిగింది కాబట్టి వేలు మిగిలింది. ఉంగరం, మెడలో గొలుసు, చేతికి దారం, పొడుగు చేతుల చొక్కా, లుంగీ, ఏదీ వద్దు. దారం దేవుడిదే అయినా చక్‌కు ఆ సంగతి తెలియదు.

చక్ తాళం (దవడలు బిగించే చెవి) చక్‌లో వదిలేసి స్విచ్ వేయడం. ప్రతి టర్నరూ జీవితంలో ఒక్కసారి చేస్తాడు. నాది గోడకు తగిలింది, గోడలో ఇప్పటికీ గుంత ఉంది. తాళం నుంచి చేయి తీసే ముందు తాళం బయటకు రావాలి. అది అలవాటు కాదు, చట్టం అనుకో.

చుట్టలు చేత్తో తీయకు. కొక్కెం చేసుకో. నీ లేత్ మీద నువ్వు చేసే మొదటి వస్తువు అదే కావాలి.

పాత మైక్రోమీటర్ — ఆదివారం, ఉదయం 6:15

టర్నరు గారు చెప్పిన మాటల్లో ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు.

ఇక 127. బాబూ, నీ లేత్ లీడ్‌స్క్రూ (స్పిండిల్ నుంచి మార్పిడి గేర్లతో తిరుగుతూ, బోల్టు దారం కోసేటప్పుడు క్యారేజ్‌ను జరిపే పొడుగు స్క్రూ) అంగుళాల లెక్కది. అంగుళానికి నాలుగు దారాలు, అంటే మరలు, ఉండి ఉంటాయి. నీకు మెట్రిక్ బోల్టులు చేయాలని ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు బజారులో దొరికే నట్లు అవే. అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, 1959లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న లెక్క. 25.4ను ఐదుతో గుణిస్తే 127. అంగుళం నుంచి మిల్లీమీటరుకు తప్పు లేకుండా దాటాలంటే ఎక్కడో ఒకచోట 127 పళ్ళు ఉండాల్సిందే. అది ప్రధాన సంఖ్య, ముక్కలు చేయలేం. అంగుళాల కాలం నుంచి మిల్లీమీటర్ల కాలానికి దాటిన మా తరమంతా ఆ గేరు మీదుగానే దాటింది. కొలతల చట్టం 1956లోనే వచ్చింది, అయినా నేను చేరేనాటికి షాపులో సగం డ్రాయింగులు అంగుళాల్లోనే. కొందరు ఫిట్టర్లు ఇప్పటికీ సూత్‌లలోనే మాట్లాడతారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. "నాలుగు సూత్‌ల బోల్టు ఇవ్వు" అంటే అర అంగుళం బోల్టు.

127 లేకపోతే 63 పళ్ళ గేరు ఒకటి చాలు. 100కు 127 ఎంతో, 63కు 80 దాదాపు అంతే. లెక్క వేసి చూసుకో. తేడా వందలో ఒక వంతు కాదు, ఆ ఒక వంతులో మళ్ళీ ఎనభయ్యో వంతు. 100 మిల్లీమీటర్ల పొడుగు దారం చేస్తే తప్పు 0.0125 మిల్లీమీటర్లు. నీ నట్టు ఆ తేడాను గుర్తుపట్టదు.

1.5 పిచ్ దారానికి (ఒక మరకూ పక్క మరకూ మధ్య 1.5 మిల్లీమీటర్లు): నడిపే గేర్లు 30, 63. నడిచేవి 100, 80. అంటే స్పిండిల్ ఒక చుట్టు తిరిగితే లీడ్‌స్క్రూ 0.23625 చుట్టు. దాన్ని 6.35తో (అంగుళంలో నాలుగో వంతు, లీడ్‌స్క్రూ పిచ్) గుణిస్తే 1.5002 మిల్లీమీటర్లు.

ఒక హెచ్చరిక. ఇలా చేసేటప్పుడు దారం పూర్తయ్యేవరకు హాఫ్‌నట్ (క్యారేజ్‌ను లీడ్‌స్క్రూకు పట్టించే రెండు ముక్కల నట్టు) తెరవకూడదు. తెరిస్తే మళ్ళీ అదే గాడిలో పడదు. ఒక కోత అయ్యాక టూల్‌ను వెనక్కు లాగి, మోటారును వెనక్కు తిప్పి మొదటికి రావాలి. నీ చక్ స్పిండిల్ మీద దారంతో బిగించినదైతే వెనక్కు తిప్పేటప్పుడు ఊడి కాళ్ళ మీద పడవచ్చు. మేడమ్ చెప్పిన డ్రైవ్‌లో ఆగే సమయం, మొదలయ్యే సమయం నెమ్మదిగా పెట్టుకో.

బొమ్మరైలు — ఆదివారం, ఉదయం 8:00

సార్, నేను ఒప్పుకుంటాను, ఈ 63–80 లెక్క నాకు తెలియదు. నా బల్ల లేత్ మెట్రిక్‌దే కాబట్టి అవసరం రాలేదు. అయినా అడుగుతున్నాను: మీకు ఇవన్నీ నోటికి ఎలా వస్తాయి? రిటైరయ్యి పదిహేనేళ్ళు దాటి ఉంటుంది కదా?

పాత మైక్రోమీటర్ — ఆదివారం, రాత్రి 8:50

నోటికి రావడానికి కారణం ఒక మనిషి. ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాస్తాను.

అప్పట్లో బాలానగర్ వైపు ఉదయం ఏడింటికి షిఫ్టు బస్సులు వరుసగా వెళ్ళేవి. మా కాలేజీ బ్యాచ్ అంతా ఈ ఊళ్ళోనే సర్దుకుంది. రామచంద్రాపురంలో చెకొస్లొవేకియా సహకారంతో వచ్చిన బీహెచ్‌ఈఎల్‌కు కొందరు, మందులు చేసే ఐడీపీఎల్‌కు కొందరు, ఎలక్ట్రానిక్స్ చేసే ఈసీఐఎల్‌కు ఇద్దరు. సనత్‌నగర్‌లో ఆల్విన్ వాళ్ళు బస్సుల బాడీలు కట్టేవారు. మా నాన్న నన్ను చిన్నప్పుడు ఎక్కించిన డబుల్ డెక్కర్ అక్కడిదే. కవాడిగూడ ప్రాగా టూల్స్‌లో చేసిన చక్‌లు మా షాపులో ఉండేవి. ఒకటి నా షెడ్డులో ఇప్పటికీ తిరుగుతోంది. నేను చేరిన కర్మాగారం పేరు చెప్పను. ఎందుకో చివరికి అర్థమవుతుంది.

1979, ఏప్రిల్. రెండో షిఫ్టు. నేను షాపు ఇంజనీరును, పెళ్ళయి ఏడాది కాలేదు. అల్యూమినియం రింగులు నలభై, 200 మిల్లీమీటర్ల వ్యాసం, 0.05 తేడాకు మించకూడదు. రాత్రి పదకొండింటికి బండి బయలుదేరాలి. చివరి బ్యాచ్ టర్నింగ్ అవుతుండగా నేను మైక్రోమీటర్ పట్టుకుని పక్కనే నిలబడి, దిగినది దిగినట్టే కొలిచి, టిక్కు పెడుతున్నాను. లేత్ మీదున్న ఆయన నా కంటే చాలా పెద్ద. నాలుగో తరగతి చదివాడు. ఒక రింగు ఇస్తూ, "సార్, కాస్త చల్లారనివ్వండి" అన్నాడు. చేతికి రింగు వెచ్చగా తగిలింది. నాకు వినబడింది. బండి హారన్ కూడా వినబడింది.

అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. డిగ్రీకి, మీటరుకు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 200 మిల్లీమీటర్ల రింగు ముప్ఫై డిగ్రీలు చల్లబడితే 0.138 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఈ లెక్క నాకు పరీక్షలో వచ్చిన ప్రశ్నే. రాత్రి నా చేతికి వచ్చినప్పుడు గుర్తుకు రాలేదు. తెల్లారి అవతల తనిఖీలో పద్దెనిమిది రింగులు చిన్నవయ్యాయి.

విచారణ కాగితం మీద "ఆపరేటర్ పొరపాటు" అని రాశారు. టిక్కులు నావే. సంతకం నాదే. అయినా లేత్ మీద ఉన్నది ఆయన కాబట్టి అలా రాయడం సులువు. ఆయనకు ఒక ఇంక్రిమెంట్ ఆపారు. ఆ కాగితం నా బల్ల మీదుగానే వెళ్ళింది.

రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు వెళ్ళి మేనేజరుకు చెప్పాను. ఆయన, "తెలుసు. కానీ కాగితం వెళ్ళిపోయింది" అన్నారు. ఇంక్రిమెంట్ తిరిగి రాలేదు.

ఆ టర్నరు నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కటే మారింది. అంతకు ముందు జాబ్ (లేత్ మీద చేస్తున్న వస్తువు) కొలిచాక మైక్రోమీటర్ నా చేతికి ఇచ్చేవాడు. తర్వాత బల్ల మీద పెట్టేవాడు. నేను తీసుకునేవాడిని. ఆయన రిటైరయ్యేవరకు, ఆరేళ్ళు, అలాగే.

ఆ ఆరేళ్ళలోనే నాకు ఈ లెక్కలన్నీ నోటికొచ్చాయి.

కుషాయిగూడ క్యూసీ — సోమవారం, ఉదయం 7:05

తనిఖీ విభాగంలో ఇరవై రెండేళ్ళు చేశాను. సార్ రాసినది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా వైపు కథలు కూడా ఇలాంటివే. ఎప్పుడూ కొలిచినవాడి మీదో, కోసినవాడి మీదో పడుతుంది. తొందర పెట్టినవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు.

కొత్తగా నేర్చుకునేవారికి ఒక్క మాట. కొలతలకు ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మన హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం షెడ్డులో 42. ఇనుప జాబ్, ఇనుప మైక్రోమీటర్ రెండూ అదే వేడిలో ఉంటే రెండూ కలిసి పెరుగుతాయి, కాబట్టి పెద్దగా తేడా రాదు. జాబ్ ఒక వేడి, మైక్రోమీటర్ ఒక వేడి అయినప్పుడే మోసం. మైక్రోమీటర్‌ను జేబులో పెట్టుకోకండి. శరీరం వేడికి ఫ్రేము సాగుతుంది. చేత్తో కూడా ఎక్కువసేపు పట్టుకోకండి, అందుకే ఆ ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది.

చింతల్ టర్నర్ — సోమవారం, ఉదయం 7:30

సార్, మీరు మూడో రోజైనా వెళ్ళారు. నేను పని చేసిన చోట్ల మూడేళ్ళకు కూడా ఎవరూ వెళ్ళలేదు. కానీ ఆయన మైక్రోమీటర్ బల్ల మీద పెట్టడం సరైనదే. నేనైనా అదే చేసేవాడిని.

పాత మైక్రోమీటర్ — సోమవారం, ఉదయం 7:41

అవును.

లేత్‌కొత్త — ఆదివారం, సాయంత్రం 5:20

వారం ఆలస్యంగా రాస్తున్నాను. నిన్న వెళ్ళి చూశాను.

క్యారేజ్ టెయిల్‌స్టాక్ దగ్గర కాస్త బిగుసుకుంది, ఆగలేదు. స్పిండిల్ టేపర్ 0.02 ఊగింది. చెక్క కడ్డీతో ఎత్తితే 0.06 కదిలింది. అమ్మే ఆయనే నట్టు బిగించి చూపించారు, 0.02కు వచ్చింది. 100 మిల్లీమీటర్ల కోతలో తేడా 0.04. ఒక కాలు కింద ఇటుక ముక్క ఉంది, బహుశా అదే కారణం. మోటారు పెట్టెలో ఆరు చివరలు ఉన్నాయి! గేర్లు: 20 నుంచి 120 వరకు ఐదు చొప్పున, మధ్యలో 55, 95 లేవు. 30, 80, 100 ఉన్నాయి. 127 లేదు. 63 అసలు ఆ వరుసలోనే ఉండదట. గేర్లు మాడ్యూల్ (పన్ను సైజు) 2.

55 వేలకు ఒప్పుకున్నారు. ఆయన ఇచ్చిన చివరి సలహా: "బేరింగులకు గ్రీజు పూసేవాడు వేరు, నూనె పోసేవాడు వేరు, నువ్వు ముందు ఏది పోయాలో తెలుసుకో." నూనె చుక్కల గాజు కప్పులు చూపించి చెప్పారు.

ఇప్పుడు 63 గేరు ఎక్కడ దొరుకుతుంది? ఎర్రగడ్డ ఆదివారం సంతలో రెండు గంటలు తిరిగాను. ఒక సైకిల్ డైనమో, నాలుగు పాత ఆకురాళ్ళు కొని వచ్చాను.

చింతల్ టర్నర్ — ఆదివారం, సాయంత్రం 6:00

సంతలో గేరు వెతకడం అంటే గడ్డివాములో సూది. నేనే కోసి ఇస్తాను. మాడ్యూల్ 2 కాబట్టి బయటి వ్యాసం 130. పోత ఇనుము బ్లాంకు (ఇంకా పళ్ళు కోయని చక్రం) తెస్తాను. దానికి కట్టర్ నా దగ్గర ఉంది, 55 నుంచి 134 పళ్ళ వరకు అదే.

ఒక్కటే చిక్కు. డివైడింగ్ హెడ్ (బ్లాంకును సమాన భాగాలుగా తిప్పే పరికరం) 40కి ఒకటి, అంటే హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే బ్లాంకు ఒక చుట్టు. 63 పళ్ళకు ఒక్కో పన్నుకు 40/63 చుట్టు తిప్పాలి. నా ప్లేట్లలో 63 రంధ్రాల వరుస లేదు. డిఫరెన్షియల్ గేర్లు పెట్టే హెడ్ కాదు నాది. సార్?

పాత మైక్రోమీటర్ — ఆదివారం, రాత్రి 7:15

నీ రెండో ప్లేటు మీద 21, 27 రెండు వరుసలూ ఉంటాయి చూడు. 40/63 అంటే 4/21, 12/27 కలిపితే వచ్చేదే. కాయితం మీద వేసి చూసుకో. ముందు మామూలుగా హ్యాండిల్‌ను 21 వరుసలో 4 రంధ్రాలు తిప్పు. తర్వాత వెనక పిన్ను తీసి, హ్యాండిల్, ప్లేటు కలిపి 27 వరుసలో 12 రంధ్రాలు అదే దిశలో తిప్పు. ఒక పన్ను. అలా 63 సార్లు. కాంపౌండ్ ఇండెక్సింగ్ అంటారు. పుస్తకాల్లో ఉంటుంది, ఎవరూ చేయరు, ఎందుకంటే 126 సార్లు రంధ్రాలు లెక్కపెట్టాలి, ఒక్కసారి తప్పినా బ్లాంకు చెత్తలోకే.

నేను వస్తాను. పక్కన కూర్చుని రంధ్రాలు లెక్కపెడతాను. బుధవారం వీలా?

చింతల్ టర్నర్ — ఆదివారం, రాత్రి 7:20

మౌలాలీ నుంచి మీరు రావడం ఎందుకు సార్, ఆటో వాడు నాలుగు వందలు తీసుకుంటాడు.

పాత మైక్రోమీటర్ — ఆదివారం, రాత్రి 7:22

బుధవారం పదింటికి వస్తాను.

లేత్‌కొత్త — గురువారం, రాత్రి 10:40

నేను సెలవు పెట్టి వెళ్ళాను. సార్ ఒక కాగితం మీద 1 నుంచి 63 వరకు గళ్ళు గీసుకుని వచ్చారు, ఒక్కో పన్నుకు రెండు టిక్కులు. టర్నర్ అన్న ఒక రేడియో పెట్టాడు, సార్ ఆపించారు. మొదటి బ్లాంకు 38వ పన్ను దగ్గర పోయింది. రెండోది మధ్యాహ్నం మూడింటికి పూర్తయింది. 63వ పన్ను కోశాక, 64వసారి తిప్పితే కట్టర్ మొదటి పన్ను గాడిలోనే ఏమీ కోయకుండా దిగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం.

ఇవాళ షెడ్డులో 1.5 పిచ్, 20 మిల్లీమీటర్ల దారం కోశాను. నట్టు ఎక్కింది. లేత్ మీద చేసిన మొదటి వస్తువు మాత్రం కొక్కెమే. టర్నర్ అన్న మాట ప్రకారం.

చింతల్ టర్నర్ — గురువారం, రాత్రి 10:55

38వ పన్ను దగ్గర నేనే తప్పు లెక్కపెట్టాను. 12కు బదులు 11. ఆ బ్లాంకు డబ్బు తమ్ముడి దగ్గర తీసుకోను.

పాత మైక్రోమీటర్ — శుక్రవారం, ఉదయం 5:50

కాదు. 38వ పన్ను దగ్గర నేను మాట్లాడుతున్నాను. మా మనవరాలి పెళ్ళి సంబంధం గురించి. టర్నరు గారు నా వైపు తిరిగి జవాబు చెబుతూ తిప్పారు. గళ్ళలో టిక్కు పెట్టినవాడిని కూడా నేనే, 12 అని చూడకుండానే పెట్టాను. బ్లాంకు ఖాతా నాది. ఎంత?

చింతల్ టర్నర్ — శుక్రవారం, ఉదయం 6:10

సార్, వదిలేయండి.

పాత మైక్రోమీటర్ — శుక్రవారం, ఉదయం 6:12

ఎంత?

చింతల్ టర్నర్ — శుక్రవారం, ఉదయం 6:30

450. చాయ్‌తో కలిపి 480. వచ్చేటప్పుడు మీ ప్రాగా చక్ తీసుకురండి, దవడలు అరిగి ఉంటాయి, గ్రైండ్ చేసి ఇస్తాను.